డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ: కార్డు ఉంటే చాలదు, అడగాలి
(తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రజల కోసం)

ఆపరేషన్ అనగానే కమ్మలు కుదవ పెట్టడమో, వడ్డీకి తేవడమో మనకు అలవాటైపోయింది. చాలాసార్లు ఆ అప్పు అవసరమే ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పటి వైద్యసేవ. కార్డు ఇంట్లో పెట్టుకుని, ఆస్పత్రిలో దుడ్లు కట్టి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. చదువుకున్న బంధువు వెంట ఉంటే పని జరుగుతుంది. ఒంటరిగా వచ్చిన కూలీ మనిషికి ఎవరిని అడగాలో తెలియదు. అందుకే ఈ వివరాలు.

ముందు ఎవరిని కలవాలి?
రుయా, స్విమ్స్ లాంటి పెద్దాస్పత్రుల్లోనూ, పథకంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ వైద్యమిత్ర కౌంటర్ ఉంటుంది. డబ్బు కట్టకముందే అక్కడికి పోండి. రైస్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి.

ఏమని అడగాలి?
"ఈ జబ్బు వైద్యసేవలో వస్తుందా? అనుమతి వచ్చిందా? నేనేమైనా కట్టాలా?" ఈ మూడూ అడగండి. పథకంలో ఉన్న చికిత్సకు పరీక్షలు, మందులు, ఆపరేషన్, ఆస్పత్రిలో భోజనం అన్నీ ఉచితమే. డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి.

వేలూరు, చెన్నై పోవాలనుకుంటే?
బయల్దేరే ముందే 104కి అడగండి. పక్క రాష్ట్రంలో అన్ని ఆస్పత్రులూ, అన్ని చికిత్సలూ పథకంలోకి రావు.

డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే?
సిగ్గుపడొద్దు. "సార్, నాకు అర్థమైంది ఇదీ, సరేనా?" అని తిరిగి చెప్పండి. తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు తమిళంలో చెప్పమని అడగొచ్చు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో చదివించుకోండి.

ఇంటికి వచ్చాక?
మాత్రల అట్టల మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేయించుకోండి. బాగుందని బీపీ, షుగర్ మాత్రలు సొంతంగా ఆపొద్దు. డిశ్చార్జి కాగితం పారేయొద్దు. మళ్లీ ఎప్పుడు రావాలో అందులో ఉంటుంది.

ప్రాణాపాయమైతే కార్డు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ముందు 108కి ఫోన్ చేయండి, కాగితాలు తర్వాత తేవచ్చు.

చదవడం రానివాళ్లు మీ వీధిలో ఉంటే దీన్ని పంపి ఊరుకోకండి, చదివి వినిపించండి.