వీపున కట్టాలా, విమానానికి కట్టాలా?

ఆబిడ్స్ సర్కిల్ నుంచి కింగ్ కోఠి నడిచిపోయేంత దూరం. అక్కడ కాపురమున్న ఏడో నిజాం పిసినారితనం గురించి ఊళ్లో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిష్ వాళ్లకు ఏకంగా ఒక విమానదళానికి సరిపడా విమానాలు కొనిచ్చిన సంగతి మాత్రం చాలామంది ఎరగరు. అది 110వ స్క్వాడ్రన్. దాని పేరులోనే ‘హైదరాబాద్’ చేరిపోయింది. విమానాల మీద ‘నిజాం కానుక’ అని రాయించారు. అవి డీహెచ్-9ఏ రకం: చెక్క చట్రం, దాని మీద గుడ్డ, ముందు 400 గుర్రాల బలమున్న లిబర్టీ ఇంజను, ఇద్దరు మనుషులు, తల మీద కప్పు లేదు. 1918 సెప్టెంబరు నుంచి అవి ఫ్రాన్స్‌లో లేచి జర్మనీ మీద బాంబులు వేసి వచ్చేవి. వాటిలో ఒకటి అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. లోపలి ఇద్దరూ ఖైదీలై బతికిపోయారు. విమానం బెర్లిన్, పోలాండ్ తిరిగి చివరికి లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం చేరింది.

ఆ దళంలో ఎగిరిన ఏ ఒక్కరి వీపునా పారాచూట్ లేదు.

అప్పటికి పారాచూట్ పుట్టక కాదు. 1797లోనే గార్నెరిన్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లో బెలూన్ మీంచి దానితో దిగాడు. దిగాడే గానీ, దారంతా ఉయ్యాల ఊగినట్టు ఊగి నానా యాతన పడ్డాడు. ఎందుకో తెలియాలంటే నాంపల్లి నుమాయిష్‌లో అమ్మేలాంటి బొమ్మ పారాచూట్ ఒకటి చాలు. పల్చటి పాలిథిన్ ముక్క, నాలుగు దారాలు, కింద ప్లాస్టిక్ సిపాయి. రెండో అంతస్తు నుంచి వదలండి. లోపల చిక్కిన గాలికి వేరే దారి లేక ఓసారి ఈ అంచు నుంచి, ఓసారి ఆ అంచు నుంచి తన్నుకుని పోతుంది. సిపాయి అటూ ఇటూ ఊగుతాడు. అగరుబత్తి చివరతో సరిగ్గా నడిమధ్యన రూపాయి బిళ్ల కన్నా చిన్న కన్నం పెట్టి మళ్లీ వదలండి. ఊపు బాగా తగ్గుతుంది. ఆ కన్నం సలహా గార్నెరిన్‌కి చెప్పింది ఖగోళ శాస్త్రవేత్త లలాండ్ అంటారు.

మరి పారాచూట్ 1918లో విమానంలోకి ఎందుకు రాలేదు? యుద్ధభూమి మీద బెలూన్లలో కూర్చుని శత్రువును కనిపెట్టే వాళ్లకు పారాచూట్లు ఇచ్చారు. విమానం వాళ్లకు మాత్రం బరువన్నారు, చోటు లేదన్నారు. పైకి గట్టిగా అనని కారణం ఇంకొకటి: చేతిలో పారాచూట్ ఉంటే పైలట్ తొందరపడి విమానం వదిలేస్తాడేమోనన్న అనుమానం. జర్మన్లు ఆ ఏడాదే తమ వాళ్లకు ఇచ్చారు. వాళ్ల మేటి పైలట్ ఉడెట్ జూన్‌లో దూకితే, పట్టీ తోక దగ్గర చిక్కుకుని నేల దగ్గరపడేదాకా వదల్లేదు. ఆ రకం పారాచూట్‌ను విమానానికి కట్టిన తాడే లాగి తెరవాలి. కూలుతున్న విమానాన్ని నమ్ముకున్న ప్రాణం అది.

1919 ఏప్రిల్ 28న అమెరికాలో డేటన్ దగ్గర లెస్లీ ఇర్విన్ ఆ తాడును తెంచేశాడు. వీపున మూట, చేతికందే చోట పిడి. దూకి, విమానానికి దూరమయ్యాక తనే లాగాడు. దానితో ఆపదలో మొదట ప్రాణం దక్కించుకున్న పైలట్ హెరాల్డ్ హారిస్. 1922 అక్టోబరు 20న అతను కొత్త రకం ఐలరాన్లను (రెక్కల అంచున కదిలే పలకలను) పరీక్షిస్తుంటే రెక్కలు దడదడలాడి విమానం ముక్కలవసాగింది. దూకాడు. కంగారులో పిడి అనుకుని కాలి పట్టీ కొక్కేన్ని మూడుసార్లు లాగాడట! చివరికి పిడి దొరికి ఓ ఇంటి ద్రాక్ష పందిరి మీద దిగాడు. గమనించండి, అది యుద్ధం కాదు. ఇంకా నమ్మకం కుదరని కొత్త భాగానికి జరిగిన పరీక్ష.

ఇంట్లో కట్టుకున్న విమానానికి తొలి రోజులన్నీ సరిగ్గా ఆ పరీక్షే. ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన అమోల్ యాదవ్ సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. అమెరికాలో ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. అక్కడ కొత్త విమానాన్ని సాధారణంగా 25 గంటలో, 40 గంటలో పరీక్షగా ఎగరేయాలి. ఆ గంటల్లో పారాచూట్ కట్టుకోనివాణ్ని నేను ధైర్యవంతుడనను.

ఆ తర్వాత మాటేమిటి? ఇక్కడ లెక్క కాస్త కఠినం. గిరికీలు కొడుతూ పడే చిన్న విమానం నిమిషానికి సుమారు 6,000 అడుగులు దిగుతుంది, అంటే సెకనుకు 100. మీరు 2,000 అడుగుల ఎత్తులో ఉంటే చేతిలో ఉన్నది 20 సెకన్లు. అందులోనే ‘ఇక లాభం లేదు’ అని ఒప్పుకోవాలి, పట్టీ విప్పాలి, గాలి ఒత్తిడికి ఎదురుగా కాక్‌పిట్ మూత తెరవాలి, గిరగిర తిరుగుతున్న సీట్లోంచి లేవాలి, తోకకు తగలకుండా దూకాలి, పిడి లాగాలి. పారాచూట్ విచ్చుకోవడానికి మళ్లీ కొన్ని వందల అడుగులు. చిన్న విమానాల ప్రమాదాల్లో పెద్ద వాటా లేచేటప్పుడు, దిగేటప్పుడు జరిగేవి. అక్కడ ఆ 20 సెకన్లు కూడా ఉండవు. పైగా ఏడెనిమిది కిలోల మూట వెనక ఉంటే ఇరుకు సీట్లో మనిషి ముందుకు జరిగి కూర్చోవాలి. అమెరికా నిబంధనల ప్రకారం నైలాన్ పారాచూట్‌ను 180 రోజులకోసారి విప్పి మళ్లీ మడతపెట్టించాలి.

ఈ చిక్కును వేరే వైపు నుంచి విప్పినవాడు బోరిస్ పొపోవ్. 1975లో హ్యాంగ్‌గ్లైడర్ విరిగి దాదాపు 400 అడుగుల నుంచి చెరువులో పడి బతికాడు. పడుతున్నంతసేపూ ఆలోచించడానికి సమయం ఉంది గానీ చేయడానికి ఏమీ లేదన్న కోపం అతన్ని వదల్లేదు. 1980లో కంపెనీ పెట్టాడు. మనిషిని బయటికి లాగడం కాదు, మొత్తం విమానాన్నే వేలాడదీయాలన్నది ఆలోచన. పిడి లాగితే చిన్న రాకెట్ పారాచూట్‌ను పైకి ఈడ్చుకుపోతుంది. 1993లో సెస్నా 150, 152 విమానాలకు దీన్ని అమర్చుకునే అనుమతి వచ్చింది. మన దగ్గర పిల్లలు విమానం నేర్చుకునేది సెస్నా 152 లాంటి వాటి మీదే. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలిన శిక్షణ విమానం అదే రకం. సిర్రస్ కంపెనీ తన విమానాలకు దీన్ని పుట్టుకతోనే బిగిస్తుంది. తొలి మోడళ్లలో తిన్నగా ఎగురుతుండగా లాగితే 400 అడుగులు, గిరికీలో లాగితే 920 అడుగులు పోతాయని ఆ కంపెనీ లెక్క. నేలకు తగిలే దెబ్బ 13 అడుగుల ఎత్తు నుంచి పడ్డంత. నడుము పట్టేయొచ్చు, ప్రాణం దక్కుతుంది.

ఏ గొడుగూ పూర్తి పూచీ కాదు. విజయవాడలో పుట్టిన పైలట్ తోటకూర గోపీచంద్ 2024 మే 19న అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చినప్పుడు, ఆ నౌక మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెండింటితోనే క్షేమంగా దిగారు, ఎందుకంటే రెండు చాలేలా ముందే లెక్కేశారు. ఇంటి విమానానికి ఆ వెసులుబాటు లేదు, ఒక్కటే. అందుకే నా తీర్పు ఇది: పరీక్షల గంటల్లోనూ, విన్యాసాలు చేసేటప్పుడూ వీపున మూట తప్పనిసరి, నేల మీద మూత తెరిచి దూకే అభ్యాసంతో సహా. మామూలు ప్రయాణాలకు చట్రం ఒప్పుకుంటే రాకెట్ పారాచూట్. చట్రం ఒప్పుకోకపోతే ఆ డబ్బు శిక్షణ మీద పెట్టాలి.

ఒక మాట మాత్రం పైలట్లకు కాదు, మనకు. చిన్న విమానం పొలంలో పడితే ముందు పరుగెత్తేది చుట్టుపక్కల రైతులూ కూలీలే. పేలని రాకెట్ ఆ శిథిలాల్లో ఇంకా బతికే ఉండొచ్చు. విమానం ఒంటి మీద రాకెట్ గురించి హెచ్చరిక స్టిక్కర్ కనబడితే ఆ వైపున నిలబడకండి, పిడినీ తీగల్నీ ముట్టుకోకండి. వచ్చిన పోలీసులకూ ఫైరింజను వాళ్లకూ ముందు ఆ సంగతి చెప్పండి.