మీకు తెలుసా? ఈ చానల్‌ను ముంచింది ఓటములు కాదు
అమెరికాలో 2012 అక్టోబరులో మొదలైన కామ్‌కాస్ట్ స్పోర్ట్స్‌నెట్ హ్యూస్టన్ చానల్ సొంతూరి జట్ల ఆటలను సొంతూరి ఇళ్లకే చేర్చలేక రెండేళ్లకే చేతులు మారింది. బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్, బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్ అందులో వాటాదారులు. ఇంటికింత అని అడిగిన నెలవారీ రుసుము మరీ ఎక్కువని డైరెక్‌టీవీ, డిష్ వంటి టీవీ పంపిణీ సంస్థలు ప్రసారానికి ఒప్పుకోలేదు. సగానికి పైగా ఇళ్లకు చానల్ అందనే లేదు. 2013లో ఆస్ట్రోస్ 111 మ్యాచ్‌లు ఓడింది కదా, చూసేదెవరు అంటారా? అందులో కొంత నిజం ఉంది. కానీ అదే ఏడాది రాకెట్స్ ప్లేఆఫ్స్‌కు చేరినా పంపిణీ సంస్థలు మెట్టు దిగలేదు. ఆట చూడని ఇంటిమీదా రుసుము పడాలన్న లెక్కే బెడిసికొట్టింది. దివాలా కోర్టుకెక్కిన ఆ చానల్‌ను 2014 నవంబరులో, ఏటీ అండ్ టీతో కలిసి, ఒకప్పుడు కాదన్న డైరెక్‌టీవీయే తీసుకుంది!