కారేది చుక్కే... కరిగేది రైతు సొమ్ము!
పికప్ బండిలో డీజిల్ లీకును పట్టుకునేదెలా? అరికట్టేదెలా?

తెల్లవారుజామున మూడున్నర. బి.కొత్తకోట వైపు ఒక పల్లెలో మా బంధువు బండి నిండా టమాటా క్రేట్లు ఎత్తి, మదనపల్లె మార్కెట్‌కు బయలుదేరబోయాడు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోందే తప్ప అందుకోవడం లేదు. కొట్టగా కొట్టగా బ్యాటరీ పడిపోయింది. నలుగురు కలిసి తోసినా లాభం లేకపోయింది. పక్క ఊరి నుంచి మెకానిక్కు వచ్చి బండి స్టార్ట్ చేసేసరికి ఏడు దాటింది. సరుకు మార్కెట్‌కు చేరేసరికి మంచి ధరకు పోయే లాట్లన్నీ అయిపోయాయి.

“ఏం అల్లుడూ, కింద ఎక్కడా చుక్క కారలేదే!” అన్నాడు మా బంధువు.

“కారలేదు మామా, పీల్చింది” అన్నాడు మెకానిక్కు.

డీజిల్ ట్యాంకు దగ్గర రబ్బరు పైపు సన్నగా పగిలింది. అందులోంచి డీజిల్ బయటకు రావడం లేదు, గాలి లోపలికి పోతోంది. జానెడు పైపు ముక్క, రెండు క్లిప్పులు మార్చితే బండి మామూలైంది. ఆ రోజు ధరలో పోయింది మాత్రం పైపు ఖరీదుకు ఎన్నో రెట్లు.

పండిన పంటను సొంతంగా మార్కెట్‌కు చేర్చుకునే రైతులకు పికప్ బండి ఇప్పుడు కాడెద్దులతో సమానం. ఎద్దు కుంటితే వెంటనే గిట్ట చూస్తాం. బండి కింద డీజిల్ మరక కనిపిస్తే మాత్రం “చూద్దాంలే” అంటాం. ఈ అలవాటు మానుకోవాలి.

చుక్క విలువ ఎంత?

బండి కింద ఒక గిన్నె పెట్టి, సరిగ్గా గంట తర్వాత కొలిచి చూడండి. గంటకు 50 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుకు సగానికి కాస్త ఎక్కువ కారుతోందనుకుందాం. నిలిపిన బండి అదే తీరుగా కారితే రోజుకు 1.2 లీటర్లు, నెలకు 36 లీటర్లు నేలపాలవుతుంది. ఇక డీజిల్ వాసన పట్టిన కూరగాయలను ఏ వ్యాపారీ కొనడు. వేడి సైలెన్సరు మీద పడితే బండికే నిప్పు అంటుకోవచ్చు. డీజిల్ పెట్రోలులాగా వెంటనే అంటుకోదన్నది నిజమే. కానీ బరువుతో ఎత్తు ఎక్కే బండిలో టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డు డీజిల్‌ను మండించేంత వేడెక్కుతాయి.

డీజిల్ నడిచే దారి

కాలువలో గండి ఎక్కడ పడిందో తెలియాలంటే ముందు కాలువ దారి తెలియాలి. ఇదీ అంతే. డీజిల్ దారిని నాలుగు భాగాలుగా అనుకోవచ్చు.

ఒకటి, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా. చాలా పాత బండ్లలో ఇది పీల్చే దారి. ఇక్కడ పగులు ఉంటే ఇంజను నడిచేటప్పుడు గాలి లోపలికి పోతుంది. ట్యాంకులోనే పంపు ఉన్న బండ్లలో మాత్రం ఇక్కడా డీజిల్ బయటకే కారుతుంది.

రెండు, ఫీడ్ పంపు నుంచి ఫిల్టరు మీదుగా ఇంజెక్షన్ పంపు దాకా. ఇక్కడ ప్రెషర్ తక్కువ. లీకైతే చుక్కలుగా కారుతుంది.

మూడు, ఇంజెక్షన్ పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పోయే ఇనుప పైపులు. ఇక్కడ ప్రెషర్ చాలా ఎక్కువ. లీకైతే సన్నటి తుంపరగా కొడుతుంది.

నాలుగు, ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను తిరిగి ట్యాంకుకు చేర్చే రిటర్న్ పైపులు. ఇంజను వేడికి ఈ చిన్న పైపులు గట్టిపడి పగులుతుంటాయి.

ముందు కడగండి, తర్వాత వెతకండి

దుమ్ము, జిడ్డు పట్టిన ఇంజను మీద లీకు వెతకడం కుదరదు. చల్లారిన ఇంజనును బ్రష్షుతో శుభ్రం చేసి, గుడ్డతో పొడిగా తుడవాలి. నీళ్లు జోరుగా కొట్టి వైర్లు, సెన్సార్లు తడపవద్దు. తర్వాత అనుమానం ఉన్న జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లండి. ముగ్గుపిండి వద్దు. అందులోని ఇసుక రేణువు పైపులోకి పోతే పంపు పాడవుతుంది.

ఇంజనును పది నిమిషాలు నడిపి ఆపండి. పౌడరు ఎక్కడ ముందు తడిసిందో అక్కడే లీకు. డీజిల్ కిందికి జారుతుంది, నడిచే బండిలో గాలికి వెనక్కి పోతుంది. అందుకే చుక్క పడుతున్న చోటు చూసి నిర్ణయించకూడదు. తడిని పట్టుకుని పైకి వెళ్లాలి. అన్నిటికంటే పైన ఉన్న తడే అసలు చోటు.

కారేది డీజిలా, ఇంజనాయిలా అన్నది కూడా చూడాలి. తెల్ల కాగితం మీద ఒక చుక్క పట్టండి. డీజిల్ పలుచగా త్వరగా పాకి, ఘాటు వాసన వస్తుంది. ఇంజనాయిలు నల్లగా చిక్కగా మధ్యలో నిలుస్తుంది.

లక్షణాన్ని బట్టి చోటు

ట్యాంకు నిండా పోయించినప్పుడే కారితే, మూత దగ్గరి గొట్టం, గేజి బిగించిన చోటు, ట్యాంకు పై అతుకు చూడాలి. సగం ట్యాంకుతో కూడా కారితే అడుగు బోల్టు, ట్యాంకును పట్టి ఉంచే పట్టీల దగ్గర రాపిడి చూడాలి. పట్టీ కింద రబ్బరు అరిగితే రేకు తినేస్తుంది.

ఫిల్టరు మార్చిన మర్నాడే లీకు మొదలైతే పాత రబ్బరు రింగు పైనే అంటుకుని ఉండిపోయిందేమో చూడండి. రెండు రింగులు పడితే ఎంత బిగించినా కారుతుంది. నీళ్లు తీసే స్క్రూ సరిగా మూయకపోయినా ఇదే తంతు.

పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాలి, ఒకసారి అందుకుంటే రోజంతా బాగుంటుంది, కింద మాత్రం చుక్క లేదు. ఇదీ పీల్చే లీకు గుర్తు. రాత్రంతా గాలి లోపలికి చేరి డీజిల్ ట్యాంకుకు వెనక్కి జారిపోతుంది. అయితే గ్లో ప్లగ్గులు, బ్యాటరీ బలహీనమైనా పొద్దుటి పూట ఇలాగే మొరాయిస్తుంది. అందుకే గాలి ఉందో లేదో తేల్చుకోవాలి.

పీల్చే లీకును పట్టుకునే తీరు

ఫిల్టరుకు ముందు జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు తాత్కాలికంగా కలిపి ఇంజను నడపండి. బుడగలు ఆగకుండా వస్తుంటే వెనక ఎక్కడో గాలి పోతోంది. మరో పద్ధతి ఉంది. శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, ఫీడ్ పంపు పైపును అందులో ముంచి నడపండి. ఇబ్బంది పోతే దోషం ట్యాంకు వైపు ఉన్నట్టు. పోకపోతే ఫీడ్ పంపు, ఫిల్టరు వైపు వెతకాలి. ఈ రెండు పరీక్షలూ పాత తరహా ఇంజన్లకే పనికొస్తాయి.

ఒక్కోసారి పైపులన్నీ బాగున్నా బండి కొంత దూరం పోయి ఆగిపోతుంది. అప్పుడు ట్యాంకు మూత తీయండి. ‘ఉస్సు’మని గాలి లోపలికి పోయి బండి మళ్లీ నడిస్తే, మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోయిందన్నమాట.

హై ప్రెషర్ పైపు దగ్గర చేయి పెట్టొద్దు!

లారీ టైరులో గాలి ప్రెషర్ 8 బార్లకు అటూ ఇటూ. పాత ఇంజన్ల ఇంజెక్టర్లు తెరుచుకునేదే సుమారు 200 బార్ల దగ్గర. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో అది 1,600 బార్లు, కొన్నిటిలో అంతకు మించి ఉంటుంది. ఆ జోరుతో సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే డీజిల్ కంటికి సరిగా కనబడదు. వేలికి తగిలితే చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది.

బయటికి చీమ కుట్టినంత గాయమే ఉంటుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చుబడుతుంది. ఆలస్యం చేస్తే వేలు, చేయి తీసేయాల్సిన గతి పడుతుంది. పసుపు రాసి కట్టు కట్టుకుని ఊరుకోకుండా, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఆ క్షణమే వెళ్లాలి. “డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది” అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఈ పైపుల దగ్గర లీకు చూడాలంటే పొడవాటి అట్టముక్క పట్టుకుని దూరం నుంచి ఆడించాలి. తుంపర ఉంటే అట్ట తడుస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. ఇంజను నడుస్తుండగా నట్లు బిగించకూడదు. పాత ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టర్ నట్టు వదులు చేసి మిస్సింగ్ చూసే అలవాటు మెకానిక్కులకు ఉంది. కామన్ రైల్ బండిలో ఆ పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ బండ్లలో హై ప్రెషర్ వైపు లీకు కనబడితే ఇంజను ఆపి, వర్క్‌షాపుకు అప్పగించడమే మేలు.

ఆయిలు పెరిగితే సంతోషించకండి

కొన్ని లీకులు బయటకు రావు. ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరిగినా, ఇంజెక్షన్ పంపు సీలు పోయినా, డీజిల్ నేరుగా ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మట్టం పెరిగి ఉంటుంది, పలుచబడి డీజిల్ వాసన వస్తుంది. అలాంటి బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. పలుచబడిన ఆయిలుతో బేరింగులు పట్టేస్తాయి. వారానికోసారి డిప్‌స్టిక్ చూసే అలవాటుంటే ఈ నష్టం ముందే తెలుస్తుంది.

బాగుచేసేటప్పుడు

* జాయింటు విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వేయాలి. దొరకనప్పుడు తక్కువ ప్రెషర్ చోట పాత రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. అది కూడా కొత్తది దొరికేదాకానే.
* పైపు మార్చేటప్పుడు డీజిల్‌కు తట్టుకునే రకమే అడగండి. నీళ్ల పైపు, సైకిల్ ట్యూబు డీజిల్‌కు ఉబ్బిపోతాయి. కట్టుతీగ బిగిస్తే అదే పైపును కోస్తుంది. స్క్రూ క్లిప్పు వాడండి.
* మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి. దాని పీలికలు పంపులోకి, ఇంజెక్టర్లలోకి చేరి పెద్ద ఖర్చు తెస్తాయి.
* కారుతోందని అదే పనిగా బిగించకండి. మర పోతుంది. ఒక పానాతో అడుగు పట్టి, మరో పానాతో నట్టు తిప్పాలి. లేకపోతే పైపు మెలిపడి పగులుతుంది.
* ట్యాంకును ఎట్టి పరిస్థితుల్లోనూ ఊళ్లో వెల్డింగు పెట్టించకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికే పేలుడు జరుగుతుంది. చాలా పాత బండికి ట్యాంకు మార్చుకోవడమే మంచిది.

పాత బండ్ల వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గంధకం బాగా తగ్గించిన డీజిల్‌కు మారినప్పుడు ఏళ్లుగా వాడిన రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కారడం 1993లో అమెరికాలో ఎదురైన అనుభవం. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా 10 పీపీఎం గంధకం డీజిలే అమ్ముతున్నారు. కాబట్టి పాత ఇంజెక్షన్ పంపు కారుతుంటే పంపు మొత్తం మార్చే ముందు సీళ్లు మార్చి చూడమని అడగండి.

గాలి తీసే పద్ధతి

ఏ జాయింటు విప్పినా గాలి పడుతుంది. పాత తరహా బండిలో ఫిల్టరు మీది గాలి స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, హ్యాండ్ పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చాక, అది కారుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అలాగే చేయాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకండి. మధ్యలో నిమిషమైనా ఆగండి. పని పూర్తయ్యాక పది నిమిషాలు నడిపి మళ్లీ చూడండి. మర్నాడు పొద్దున మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే లీకు పోయినట్టే.

దారి మధ్యలో లీకైతే

ట్యాంకు రేకుకు చిల్లి పడితే బట్టల సబ్బును మెత్తగా పిసికి గట్టిగా అదిమితే తాత్కాలికంగా ఆగుతుంది. సబ్బు డీజిల్‌లో తేలిగ్గా కరగదు. ఇది మెకానిక్కు దాకా చేరడానికే. బీడీ, సిగరెట్ దగ్గరికి రానీయకండి. నిప్పంటుకుంటే నీళ్లు పోయవద్దు, మంట నీటి మీద తేలి పాకుతుంది. ఇసుక, మట్టి చల్లండి. కారుతున్న బండిని గడ్డివాము పక్కన, బావి గట్టున నిలపకండి.

సీటు కింద ఉండాల్సినవి

డీజిల్ పైపు రెండు మూరలు, స్క్రూ క్లిప్పులు నాలుగు, మీ బండికి సరిపడే రాగి వాషర్లు, నట్ల సైజుకు తగిన రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, బట్టల సబ్బు, శుభ్రమైన గుడ్డ, టార్చిలైటు. వీటన్నిటి ఖర్చూ కలిపినా ఒక్క లోడు ఆలస్యమైతే వచ్చే నష్టం ముందు లెక్కలోకి రాదు.

కోతల సీజను మొదలయ్యాక కాదు, మొదలు కాకముందే ఒక పూట బండి కిందకి దూరి చూసుకోండి. పంట చేతికొచ్చిన రోజున బండి మాట వినాలంటే, పని లేని రోజున బండి మాట మీరు వినాలి.