పత్తి : తేమతోనే తిరకాసు

ఆదిలాబాద్ నల్లరేగడి గ్రామాల్లో రైతు చేతికి రొక్కం తెచ్చే ప్రధాన పంట పత్తి; సోయా ఆ తర్వాతే. జొన్న, కంది ఇంటి తిండికి. విత్తనాల బాకీ, ఎరువుల బాకీ, ఏరుడు కూలీ పత్తి మీదనే తీరాలి.

చిక్కు తొలి ఏరుడులోనే వస్తున్నది. దీపావళి నాటి సరుకులో మంచు వల్ల తేమ హెచ్చు. ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాల గోండు గూడేలలో దండారి ఖర్చులకు డబ్బు కావలసిందీ అప్పుడే.

2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రు. 8,110గా నిర్ణయమైనది. కాటన్ కార్పొరేషన్ దీనిని పూర్తిగా చెల్లించేది తేమ 8 శాతం మించనప్పుడే. ఆపైన ప్రతి శాతానికి రు. 81.10 కోత. 12 దాటితే కొనుగోలు లేదు.

ఆరబెట్టి తెమ్మన్న సలహా ఎప్పుడూ ఉన్నదే. అయితే 12 శాతం సరుకును 8కి దించితే క్వింటాలుకు సుమారు 4 కిలోల తూకం పోతుంది. కోత తప్పినా చేతికి వచ్చే మొత్తం దాదాపు అంతే. కిట్టుబాటు 12 గీటు దిగువకు తేవడంలోనే ఉన్నది. అందుకు నాలుగు రోజుల ఎండ, ఆరబోయడానికి చోటు, ఆగే బాకీదారు కావాలి. యార్డులో తిరగ్గొట్టిన సరుకును ఇంటికి మోస్తే కిరాయి రెండింతలు. కనుక 14, 15 శాతం తేమ సరుకు ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకే అక్కడే దిగుతున్నది.