అణుయుద్ధం తర్వాత కూడా నవ్వే ఆటలు: ఫాలౌట్ విశేషాలు

ప్రపంచం అంతమైపోయాక మిగిలినవాళ్ల కథలు చెప్పే వీడియో గేములు బోలెడున్నాయి. భయపెట్టడం వాటిలో చాలావాటికి వచ్చు. నవ్విస్తూనే గుండె పిండేయడం మాత్రం ఏ కొద్దింటికో పట్టుబడింది. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది 1997లో అమెరికాలో ఇంటర్‌ప్లే సంస్థ విడుదల చేసిన ‘ఫాలౌట్’. దాని గురించీ, దాని తర్వాతి భాగాల గురించీ, మరో రెండు ఆటల గురించీ కొన్ని సంగతులివి. నాకు వీటన్నిటిలో కనిపించేది ఒకటే. ఆ లోకంలో బతుకుతున్నవాడి నోటి నుంచి వచ్చిన జోకు విషాదాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. రచయిత బయట నిలబడి కన్నుగీటితే ఆ విషాదం తేలిపోతుంది.

మొదటి ఫాలౌట్ ఒక పాతకాలపు టీవీతో మొదలవుతుంది. ఇంక్ స్పాట్స్ బృందం 1940లో పాడిన ‘మేబీ’ అనే ప్రేమగీతం మెత్తగా వినిపిస్తుంటుంది. తెర మీద కారు ప్రకటన, ఇంటిపని చేసిపెట్టే రోబో ప్రకటన. మధ్యలో ఒక వార్త: అమెరికా కలిపేసుకున్న కెనడాలో మన జవాన్లు శాంతిని కాపాడుతున్నారట. కవచం తొడుక్కున్న సైనికుడు మోకాళ్ల మీదున్న ఖైదీని కాల్చేసి, కెమెరా వైపు తిరిగి హుషారుగా చెయ్యి ఊపుతాడు. తర్వాత దృశ్యం వెనక్కి జరుగుతుంది. టీవీ చుట్టూ ఉన్నది ఇల్లు కాదు, మొండిగోడలు. వాటి వెనక ఊరంతా శిథిలం. ఒక్క మాట వివరించకుండానే ఆ దేశం ఎందుకు నాశనమైందో చూసేవాడికి అర్థమైపోతుంది.

నిజానికి ఆ దృశ్యానికి డెవలపర్లు కోరుకున్న పాట వేరు. అదే బృందం 1941లో పాడిన ‘ఐ డోంట్ వాంట్ టు సెట్ ద వరల్డ్ ఆన్ ఫైర్’. దాని హక్కులకు అడిగినంత ఇచ్చుకోలేక ‘మేబీ’తో సరిపెట్టుకున్నారు. పదకొండేళ్ల తర్వాత, 2008లో, బెథెస్డా సంస్థ తీసిన ‘ఫాలౌట్ 3’ ఆరంభంలో ఆ మొదటి పాట వినిపించింది.

ఆటలో యుద్ధం తేదీ 2077 అక్టోబర్ 23. అమెరికా, చైనా ఒకదాని మీద ఒకటి అణుబాంబులు కురిపించుకుని సుమారు రెండు గంటల్లో అంతా ముగించేశాయి. తేదీ 2077దే అయినా ఆ లోకం తీరు మాత్రం 1950ల అమెరికాది. ఇది ఊరికే వేసిన వేషం కాదు. బాంబు పడితే బల్లకింద నక్కి తల కప్పుకోండి అని పిల్లలకు నేర్పడానికి అమెరికా ప్రభుత్వం ‘డక్ అండ్ కవర్’ అనే చిన్న సినిమా తీయించింది. 1952లో వచ్చిన ఆ సినిమాలో పాఠం చెప్పేది బర్ట్ అనే కార్టూన్ తాబేలు. అణుబాంబు గురించి చిరునవ్వుతో, పాట పాడుతూ చెప్పిన కాలం నిజంగానే ఉంది. ఫాలౌట్ హాస్యమంతా ఆ నిజం మీదే నిలబడింది.

నీలిరంగు దుస్తులు, బంగారు జుట్టు, బొటనవేలు పైకెత్తి కన్నుగీటే కుర్రాడు... ఫాలౌట్ అనగానే గుర్తొచ్చే ఈ బొమ్మ పేరు వాల్ట్ బాయ్. దీన్ని ఊహించింది లియొనార్డ్ బొయార్‌స్కీ, తుదిరూపు ఇచ్చింది ట్రామెల్ ఐజాక్. మొనాపలీ ఆట మీద కనిపించే టోపీ పెద్దాయన బొమ్మ దీనికి ప్రేరణ. అతను బొటనవేలు ఎత్తేది అణుమేఘం ఎంత దూరంలో ఉందో కొలవడానికని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదని, కుర్రాడు ఊరికే ఉత్సాహంగా ఉన్నాడంతేనని ఆట తీసినవాళ్లే చెప్పారు. అయినా 2024లో వచ్చిన అమెజాన్ సిరీస్ ఆ ప్రచారాన్నే తీసుకుని, తండ్రి కూతురికి చెప్పే మాటగా మొదటి ఎపిసోడ్‌లో వాడుకుంది. అబద్ధమే అయినా కథలో అది బాగా అతికింది.

మీకు తెలుసా? ఫాలౌట్ నిజానికి స్టీవ్ జాక్సన్ తయారుచేసిన ‘గర్ప్స్’ అనే బల్లమీది ఆట నియమాలతో రావాల్సింది. ఆ ఒప్పందం మధ్యలో చెడింది. ఆరంభంలోని కాల్చివేత, వాల్ట్ బాయ్ బొమ్మలు ఆయనకు నచ్చలేదని ఆట సృష్టికర్త టిమ్ కెయిన్ తర్వాత చెప్పారు. ఈ రోజు ఆ ఆటకు గుర్తింపు తెచ్చినవి సరిగ్గా ఆ రెండే! గర్ప్స్ చేజారడంతో హడావుడిగా సొంత నియమాలు అల్లుకున్నారు. బలం, చూపు, ఓర్పు, ఆకర్షణ, తెలివి, చురుకు, అదృష్టం అనే ఏడు గుణాల ‘స్పెషల్’ పద్ధతి అలా పుట్టింది.

ఆ ఏడింటిలో తెలివి బాగా తగ్గించుకుని ఆడితే మీ పాత్రకు మాటలు సరిగా రావు, మూలుగులే వస్తాయి. ఎదుటివాళ్లు జాలిపడతారు లేదా విసుక్కుంటారు. 1998లో వచ్చిన ‘ఫాలౌట్ 2’లో టార్ అనే పశువుల కాపరి ఉంటాడు. మామూలు తెలివితో వెళ్తే అతని మాటలు ముద్దముద్దగా, అర్థంకాకుండా వినిపిస్తాయి. తెలివి తక్కువ పాత్రతో వెళ్తే ఇద్దరూ పండితుల్లా, చక్కటి వాక్యాల్లో మాట్లాడుకుంటారు! ఇన్నాళ్లూ అతన్ని చూసి నవ్విన ఆటగాడికి అప్పుడు తెలుస్తుంది, అర్థంకానిది ఎవరికో. ఈ మొత్తం వరుస ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోకు ఇదే.

సినిమాలను, పుస్తకాలను గుర్తుచేసే చమక్కుల విషయంలో టిమ్ కెయిన్ మొదటి ఆటకు ఒక నియమం పెట్టాడు. అసలు దేన్ని ఉద్దేశించారో తెలియని ఆటగాడికి కూడా ఆ మాట అక్కడ సహజంగా అనిపించాలి, లేకపోతే తీసేయాలి. రెండో ఆటకు వచ్చేసరికి ఈ పట్టు సడలింది. చదరంగం ఆడే తేలు, మాంటీ పైథాన్ సినిమాలోంచి ఊడిపడ్డ వంతెన కాపలాదారు... అభిమానుల్లో ఆ ఆట మీద ఇప్పటికీ వినిపించే ఫిర్యాదు ఇదే. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

అబ్సిడియన్ సంస్థ 2010లో ‘ఫాలౌట్: న్యూ వెగాస్’ తీసినప్పుడు ఈ చిక్కుకు ఒక పరిష్కారం కనిపెట్టింది. ‘వైల్డ్ వేస్ట్‌ల్యాండ్’ అనే గుణాన్ని మొదట్లోనే ఎంచుకుంటే వింత జోకులు కనిపిస్తాయి. ఫ్రిజ్‌లో టోపీ పెట్టుకున్న అస్థిపంజరం లాంటివన్నమాట. ఇండియానా జోన్స్ చూసినవాళ్లకు అదేంటో తెలుస్తుంది. ఎంచుకోకపోతే ఆట గంభీరంగానే సాగుతుంది. ఎంత హాస్యం కావాలో ఆడేవాడికే వదిలేశారు.

న్యూ వెగాస్‌లోనే ఉంది వాల్ట్ 11. వాల్టులంటే యుద్ధం నుంచి జనాన్ని కాపాడతామని వాల్ట్-టెక్ కంపెనీ భూగర్భంలో కట్టిన ఆశ్రయాలు. మొత్తం 122 ఉంటే, నిజంగా కాపాడటానికి కట్టినవి 17 మాత్రమేనని, మిగతావన్నీ మనుషుల మీద ప్రయోగాలని ఫాలౌట్ రచయితల్లో ఒకడైన క్రిస్ అవలోన్ ‘ఫాలౌట్ బైబిల్’ అనే వివరాల సంకలనంలో రాశాడు. ఈ పదకొండోదాని లోపలికి వెళ్తే గోడల నిండా ఎన్నికల పోస్టర్లు. కాస్త ఆగి చదివితే నవ్వొస్తుంది: నాకు ఓటెయ్యకండి, నా ప్రత్యర్థికే వేయండి, ఆవిడ కులట, కమ్యూనిస్టు... ప్రతి పోస్టరూ ఎదుటివాళ్లను గెలిపించమనే వేడుకుంటోంది. ఇదేం ఎన్నిక అనుకుంటూ లోలోపలికి వెళ్తాం. గది తర్వాత గది, కంప్యూటర్లలో ఒక్కో రికార్డు చదివేకొద్దీ నవ్వు ఆగిపోతుంది. ఏటా ఒకరిని బలి ఇవ్వకపోతే అందరినీ చంపేస్తానంటుంది అక్కడి యంత్రం. గెలిచినవాళ్లు ఏడాది పాటు అధిపతిగా ఉండి, ఆ తర్వాత బలిపీఠం ఎక్కాలి. ఆ గదిలోనూ ముందు కుర్చీ చూపించి, హాయిగా కూర్చోమని తియ్యటి గొంతుతో ఒక స్లైడ్ షో వేస్తారు. అది పూర్తికాగానే గోడలు తెరుచుకుని రోబోలు కాల్పులు మొదలెడతాయి.

అసలు దెబ్బ చివర్లో ఉంది. చంపుకుని చంపుకుని ఐదుగురే మిగిలాక, ఇక మేం ఎవరినీ ఇవ్వం, చంపితే చంపుకో అంటారు వాళ్లు. యంత్రం అభినందనలు చెబుతుంది. ఎదురు తిరిగితే ఎవరినీ చంపే ఉద్దేశం మొదటినుంచీ లేదట, తలుపులు తెరిచి వదిలేస్తుంది. ఆ మాట విన్న ఐదుగురిలో నలుగురు అక్కడే కాల్చుకుని చనిపోతారు. వాల్టు గుమ్మం దగ్గరే దొరికే రికార్డింగ్‌లో మనం ముందుగా విన్న తుపాకి చప్పుళ్లు అవే. ఇంతా చెప్పి, ఈ వాల్టు ప్రధాన కథలో భాగం కాదు. గుమ్మం దాటకుండా ఆట పూర్తిచేసినవాళ్లు ఎందరో.

2011లో న్యూ వెగాస్‌కు వచ్చిన ‘ఓల్డ్ వరల్డ్ బ్లూస్’ అనే అదనపు కథ ఇంకో రకం. అందులో ప్రపంచాన్ని తగలబెట్టాలని కలలుగనే రొట్టెలు కాల్చే టోస్టర్ ఉంటుంది. అక్కడి శాస్త్రవేత్తలు మీ మెదడును మీ తలలోంచి తీసేస్తారు, తిరిగి రమ్మంటే అది మీతోనే వాదనకు దిగుతుంది. పడీపడీ నవ్వుతూ ఆడతాం. అదే మ్యాపులో, టోస్టర్‌కు ఎంతో దూరం కాని చోట లిటిల్ యాంగ్జీ అనే కంచె శిబిరం ఉంది. చైనా మూలాలున్న అమెరికన్లను బంధించి, వాళ్ల మీద ప్రయోగాలు చేసిన చోటు. మెడలో బాంబు పట్టీలతో వాళ్లు ఇంకా అక్కడే తిరుగుతుంటారు. సరదాగా కబుర్లు చెప్పే ఆ శాస్త్రవేత్తల పనే ఇది.

‘ఫాలౌట్ 4’ 2015లో వచ్చింది. అందులో కాడ్స్‌వర్త్ అనే సేవకుడి రోబో 210 ఏళ్లుగా ఖాళీ ఇంటిని కనిపెట్టుకుని ఉంటుంది. యజమాని తిరిగొచ్చేసరికి మర్యాదగా, ఏమీ జరగనట్టే పలకరిస్తుంది. కాసేపటికి కుమిలిపోతూ మొర పెట్టుకుంటుంది: అణుధూళి పట్టిన నేలను ఎలా తుడవాలి, తుప్పుకు పాలిష్ ఎలా పెట్టాలి? ఆ యాస, ఆ పనిమనిషి మర్యాద నవ్వు తెప్పిస్తాయి. రెండు వందల ఏళ్ల ఒంటరితనం ఏడిపిస్తుంది. రెండూ ఒకే మాటలో. అదే ఆటలో ఫ్రిజ్‌లో ఇరుక్కుని అన్నేళ్లూ తిండీ నీళ్లూ లేకుండా బతికిన పిల్లాడి కథ కూడా ఉంది. అది అభిమానుల విమర్శకు గురైంది. ఆ లోకం నియమాలనే తోసిపారేసిన కథ నవ్వుకూ పనికిరాలేదు, జాలికీ పనికిరాలేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ మరో రెండు ఆటలు. వాల్వ్ సంస్థ 2008లో తీసిన ‘లెఫ్ట్ 4 డెడ్’లో గోడలు చూడండి. ప్రాణాలతో బయటపడినవాళ్లు తలదాచుకున్న గదుల్లో, చనిపోయినవాళ్ల పేర్ల పక్కనే, ఒకరి రాతకు ఇంకొకరు ఎదురు రాసిన వాదులాటలు ఉంటాయి. ఇంటర్నెట్ లేక బెంగగా ఉందని రాసినవాడు కూడా ఉన్నాడు.

2013 నాటి ‘ద లాస్ట్ ఆఫ్ అస్’లో ఎల్లీ అనే పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఒక జోకుల పుస్తకం ఉంటుంది. పరుగెత్తకుండా ఒకచోట ఆగితేనే ఆమె అది తెరిచి చదువుతుంది. జోకులు మరీ నాసిరకం, కావాలనే. నవ్వొచ్చేది వాటికి కాదు, వాటిని విని కూతురిని పోగొట్టుకున్న జోయెల్ మూలిగే మూలుగుకి.

మళ్లీ ఫాలౌట్‌కు వస్తే, ఇక మన దేశం సంగతి. ఆ ఆటల్లో రేడియేషన్ వల్ల రెండు తలలతో పుట్టే ఆవుల పేరు ‘బ్రాహ్మిన్’. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతి నిజంగానే ఉంది. భారత్ నుంచి వెళ్లిన గిర్, కాంక్రేజ్, మన ఒంగోలు జాతి పశువుల రక్తమే అందులో ఉంది. 2008 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్, సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా ఫాలౌట్ 3ని భారత్‌లో విడుదల చేయడం లేదని ప్రకటించింది. ఏ అంశం వల్లో చెప్పలేదు. అందరి చూపూ ఆ ఆవు పేరు మీదకే వెళ్లింది.

ఆస్ట్రేలియాలో అభ్యంతరం వేరు. నిజమైన మత్తుమందు పేరు వాడినందుకు అనుమతి ఇవ్వలేదు. దాంతో మార్ఫిన్ ప్రపంచమంతటా ‘మెడ్-ఎక్స్’ అయిపోయింది.

జపాన్‌లో ఇంకా లోతుకు వెళ్లారు. ఫాలౌట్ 3లో మెగాటన్ అనే ఊరుంది. పేలని అణుబాంబు చుట్టూ ఇళ్లు కట్టుకుని, కొందరు ఆ బాంబునే దేవుడిగా కొలుస్తూ బతికే ఊరు. దాన్ని పేల్చేస్తే డబ్బిస్తానని ఒకడు ఆశచూపుతాడు. జపాన్‌లో అమ్మిన ఆటలో ఆ మనిషే లేడు. ఊరిని పేల్చే దారీ లేదు. చిన్న అణుబాంబులు విసిరే ఆయుధానికి ఆటలో ‘ఫ్యాట్ మ్యాన్’ అని పేరు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన బాంబు పేరది. జపాన్‌లో దాన్ని ‘న్యూకా లాంచర్’ అని మార్చి అమ్మారు.