వడ్డిస్తూ విన్న మాట

మన ఇళ్ళకు నలుగురు పెద్దమనుషులు వచ్చి ముందుగదిలో కూచుని రాజకీయాలు మాట్లాడుకుంటూంటారు. మనం కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేస్తాం. ఆ మాటలు మన చెవిని పడుతూనే ఉంటాయి. మనం విన్నామని మాత్రం వారికి తోచదు! ఇవాళ మీకు చెప్పబోయేది అలా విన్న ఒకామె సంగతి. అయితే ఆమె ఆ ఇంటి ఇల్లాలు కాదు, బానిస.

అప్పట్లో అమెరికా ఇంగ్లండు ఏలుబడిలో ఉండేది. అక్కడి పార్లమెంటులో వీరి తరఫున మాట్లాడే ప్రతినిధి ఒక్కడూ లేడు, పన్నులు మాత్రం అక్కణ్ణించే వచ్చిపడేవి. సుంకం అధికారి చేతిలో ఒక్క కాగితం ఉంటే చాలు, ఫలానా ఇల్లని అందులో రాసి ఉండనక్కరలేదు, పట్టపగలు ఎవరింట్లోనైనా జొరబడి సోదా చేయవచ్చు. 1761లో బోస్టన్ కోర్టులో జేమ్స్ ఓటిస్ అనే వకీలు ఇది అన్యాయమని గంటల తరబడి వాదించాడు. కేసు ఓడిపోయాడు గాని ఆ మాట ఊరూరా పాకింది. ఇక టీ పన్ను గొడవ మీరు బళ్ళో చదువుకున్నదే. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు పుచ్చుకున్నదీ ఆ కంపెనీయే.

వీరందరూ పదేపదే చెప్పినది ‘సహజ హక్కులు’ అని. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి పుట్టుకతో వచ్చినవని లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త అంతకుముందే రాశాడు. రాజు ఇచ్చినవైతే రాజు తిరిగి పుచ్చుకోవచ్చు. పుట్టుకతో వచ్చినవాటిని ఎలా పుచ్చుకుంటాడు? వాటిని కాపాడమనే కదా ప్రభుత్వాన్ని పెట్టుకున్నది! కాపాడవలసినవాడే కాజేస్తే ఎదిరించవచ్చునన్నమాట.

మసాచుసెట్స్‌లోని షెఫీల్డ్ అనే ఊళ్ళో కర్నల్ జాన్ ఆష్లీ అని ఒక ఆసామీ ఉండేవాడు. 1773 జనవరిలో ఆయన ఇంట్లో కొందరు కూచుని ఇంగ్లండు మీద తీర్మానాలు రాశారు. మనుషులంతా సహజంగా సమానులు, స్వతంత్రులు అని అందులో మొదటిది. రాసినవారిలో థియొడర్ సెడ్జ్‌విక్ అనే కుర్ర వకీలు ఒకడు. ఆ ఇంట్లోనే చాకిరీ చేసే బెట్ అనే నల్లజాతి స్త్రీ మాత్రం ఆ ‘మనుషులంతా’లో లెక్కకు రాలేదు. ఇది ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఎబ్బెట్టుగా తోచలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బెట్‌కు చదువు రాదు. బల్ల దగ్గర వడ్డిస్తూ వింటూండేదని చెబుతారు. ఒకసారి ఇంటి యజమానురాలు పొయ్యిలో ఎర్రగా కాలిన ఇనపపార ఎత్తి ఇంకో అమ్మాయిని కొట్టబోతే, బెట్ తన చెయ్యి అడ్డం పెట్టిందట. ఎముకదాకా తెగింది. ఆ మచ్చను ఆమె దాచుకోలేదు. ఏమైందని ఎవరైనా అడిగితే అమ్మగారినే అడగమనేదిట!

ఇంగ్లండుతో యుద్ధం సాగుతూండగానే, 1780లో మసాచుసెట్స్ తన రాజ్యాంగం రాసుకుంది. మనుషులందరూ స్వేచ్ఛతో, సమానంగా పుట్టారని మొదటి అధికరణంలోనే ఉంది. బెట్ నేరుగా సెడ్జ్‌విక్ దగ్గరికే వెళ్ళి, చట్టం నాకు స్వేచ్ఛ ఇవ్వదా అని అడిగింది. ఎనిమిదేళ్ళ కిందట తాను రాసిన మాటే తన గుమ్మం ఎక్కి వచ్చింది మరి! ఆయన కేసు పట్టాడు. ఆష్లీ దగ్గరే ఉన్న బ్రామ్ అనే బానిస కూడా ఆమెతో కలిశాడు. 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో జ్యూరీ ఇద్దరూ బానిసలు కారని తేల్చి, ఆష్లీ 30 షిల్లింగులు నష్టపరిహారం ఇవ్వాలన్నది. ఆయన పైకోర్టుకు వెళ్ళబోయి మానుకున్నాడు.

జీతమిస్తాం, తిరిగి రమ్మని ఆష్లీవారు కబురుపెట్టారు. ఆమె వెళ్ళలేదు. సెడ్జ్‌విక్ ఇంట్లో జీతానికి కుదిరి ఆ పిల్లల్ని పెంచింది, తర్వాత సొంత ఇల్లు కొనుక్కుంది. ఎలిజబెత్ ఫ్రీమన్ అని తనే పేరు పెట్టుకుంది. ఫ్రీమన్ అంటే స్వేచ్ఛ గల మనిషి. ఆ పేరుతోనే 1829లో కన్నుమూసింది.