బదరీ చెట్టు కింద ఏలీయా

ఇంట్లో ఒకరు మంచాన పడి నెలలు గడుస్తుంటాయి. చేతిలో డబ్బూ అయిపోతుంది. ప్రార్థన చేద్దామని మోకరించినా నోట మాట పెగలదు. అలాంటప్పుడు చూడవచ్చిన ఒకావిడ "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అనేసి వెళ్ళిపోతుంది. సోదరీమణులారా, ఆ మాట అనేముందు రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి చదవాలి.

ఏలీయా సామాన్యుడా? కర్మెలు కొండమీద అందరూ చూస్తుండగా ప్రార్థించి అగ్ని రప్పించిన ప్రవక్త. అంతటివాడు, యెజెబెలు రాణి చంపిస్తానని కబురంపేసరికి పారిపోయాడు. పనివాణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, అడవిలో ఒంటరిగా బదరీ చెట్టు కింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణే అడిగాడు.

దేవుడు కోప్పడలేదు. దూత వచ్చి తట్టి లేపాడు. చూస్తే తల దగ్గర నిప్పులమీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్ళు! తిని మళ్ళీ పడుకున్నాడు. పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు దూత. ముందు తిండి, నిద్ర, మాటలు తర్వాత. (ఈ సంగతి తల్లులకు వేరే చెప్పాలా?)

ఆ బలంతో 40 రోజులు నడిచి హోరేబు చేరాకే మెల్లని స్వరం వినిపించింది. కాని దేవుడు చెట్టు కిందా ఉన్నాడు. ఆ పూట రొట్టె రూపంలో తెలిశాడు, అంతే.

88వ కీర్తన కూడా చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాన్ని ప్రార్థనగానే గ్రంథంలో ఉంచారు.

కనుక పలకరించడానికి వెళ్ళేటప్పుడు క్యారియర్‌లో ఇంత అన్నం పట్టుకెళ్ళండి. ఒక రాత్రి రోగి దగ్గర మీరు కూర్చుని, ఆ ఇల్లాలిని పడుకోనివ్వండి. ఆమె లేచాక ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోవచ్చు.